సున్నా గంటలు

తాళాలు కొనేవాళ్ళు రెండు రకాలు. దొంగలు పడ్డాక వచ్చేవాళ్ళు ఒక రకం, పడతారేమోనని వచ్చేవాళ్ళు ఇంకో రకం. మొదటివాడు ఒక్కసారి వచ్చి మంచి సరుకు కొనుక్కుని పోతాడు. రెండోవాడు బతికినంతకాలం కొంటూనే ఉంటాడు, కాబట్టి కొట్టు నడిచేది వాడి పుణ్యానే. తాళాల షావుకారు ఈ ముక్క ఇరవై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాడు. ఆ రెండో రకంలోకెల్లా పెద్ద ఖాతాదారు తన ఇంట్లోనే ఉన్నాడనీ, వాడు తన సొంత తమ్ముడేననీ, ఆరేళ్ళలో చిల్లిగవ్వ ఇవ్వలేదనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడి గది తలుపుకి తొమ్మిది తాళాలు. అన్నీ కొట్లోంచి వెళ్ళినవే. ముప్పై నాలుగేళ్ళ మనిషిని ఇంట్లో ఇప్పటికీ చిన్నోడనే పిలుస్తారు. ఒకప్పుడు మ్యాపులు గీసే ఆఫీసులో మంచి ఉద్యోగం చేశాడు. ఓ ఏడాది ఉన్నట్టుండి, వీధిలో జనం తన గురించే మాట్లాడుకుంటున్నారన్నాడు. బస్సెక్కితే తన ఆలోచనలు పక్కసీటువాడికి వినబడుతున్నాయన్నాడు. డాక్టర్లు దాన్ని సైకోసిస్ అన్నారు. మందులతో చెవిలో గొంతులు తగ్గాయి గానీ భయం తగ్గలేదు. ఆరేళ్ళు గడప దాటలేదు.

రోజూ పదకొండింటికోసారి, నాలుగింటికోసారి కొట్టుకి ఫోను వచ్చేది. "అన్నయ్యా, తాళాలు ఓసారి చూసి వెళ్ళు."

షావుకారు షట్టరు దించేవాడు. రెండు వీధులు నడిచి ఇంటికెళ్ళి తొమ్మిది తాళాలూ ఒక్కొక్కటే లాగి చూసి, "గట్టిగా ఉన్నాయిరా" అని చెప్పి మళ్ళీ వచ్చేవాడు. నలభై నిమిషాలు. పదకొండంటే వడ్రంగులు సామాను కోసం వచ్చే వేళ. వచ్చినవాళ్ళు మూసిన షట్టరు చూసి ఎదురు కొట్టుకి పోయేవాళ్ళు. ఆ ఎదురు కొట్టువాడు మొదట్లో రంగులు మాత్రమే అమ్మేవాడు, తర్వాత తాళాలూ పెట్టాడు, ఆ తర్వాత పక్కగదీ అద్దెకు తీసుకున్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, బేరాలు పోయినందుకంటే, తను షట్టరు దించగానే ఆ పెద్దమనిషి గడియారం చూసుకోవడమే షావుకారుకి ఎక్కువ మండేది.

నిరుడు ఆస్పత్రిలో కొత్త వైద్యం పెట్టారు. కళ్ళకి గంతలు కట్టినట్టుండే పెద్ద కళ్ళజోడు. పెట్టుకుంటే లోపల వీధి కనిపిస్తుంది, బస్సు కనిపిస్తుంది, అంగడి కనిపిస్తుంది. అవన్నీ బొమ్మలే, కానీ మనిషి ఒళ్ళు మాత్రం నిజంగానే వణుకుతుంది. ఏడాదిపాటు ప్రయోగంగా నడిపి, బాగుంటే ఉంచుతామన్నారు. మనిషికి పది విడతలు.

"పిల్లలాడుకునే సామానుతో జబ్బు పోతుందా?" అన్నాడు షావుకారు.

"డబ్బులడిగారా?" అంది ఆయన భార్య.

"లేదు."

"మరి మీకెందుకు నొప్పి? ఊరికే వచ్చిన గుర్రానికి పళ్ళు లెక్కపెడతారేంటి?"

చిన్నోడి తల మీద దుప్పటి కప్పి, చెరో పక్కా కూర్చుని, అద్దె కారులో తీసుకెళ్ళారు. వైద్యం చేసే డాక్టరమ్మ చిన్నదే, చీమకి కూడా అడ్డం తప్పుకునేలా ఉంది. చిన్నోడికి కళ్ళజోడు తొడిగి గది మధ్యలో నిలబెట్టింది. చిన్నోడు గాల్లో లేని బస్సు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎర్రచొక్కావాడు నన్నే చూస్తున్నాడు" అన్నాడు.

"ఎంతసేపు చూశాడు?"

"మూడు సెకన్లు."

"మీరు అతన్ని ఎంతసేపట్నుంచి చూస్తున్నారు?"

చిన్నోడు కాసేపు ఆలోచించాడు. "ఎక్కినప్పట్నుంచీ" అన్నాడు. కళ్ళజోడు కింద పెదవి కొంచెం వంకర తిరిగింది. తమ్ముడు నవ్వితే ఎలా ఉంటాడో షావుకారు మర్చిపోయాడు, అందుకే అది నవ్వని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

ఆరో విడత అయ్యాక ఒక సోమవారం, మిట్టమధ్యాహ్నం, కొట్టు ముందు ఎవరో నిలబడ్డారు. షావుకారు తలెత్తకుండానే అలవాటుగా, "ఏం కావాలండీ?" అన్నాడు.

"తాళం తప్ప ఏదైనా ఇవ్వు" అన్నాడు చిన్నోడు.

రెండు వీధుల దూరానికి కావాలనే చుట్టు తిరిగి, నాలుగు స్టాపులు ఒక్కడే బస్సులో వచ్చాడు. షావుకారు చేతిలో ఉన్న మేకుల పొట్లం చూసుకోకుండా తూకంలో రెండుసార్లు వేశాడు. అప్పటికే ఫోన్లు తగ్గిపోయాయి. వారానికి పన్నెండు వచ్చేవి కాస్తా రెండయ్యాయి. గది తలుపుకి మూడు తాళాలే మిగిలాయి. పీకిన ఆరూ చిన్నోడే గుడ్డతో తుడిచి తెచ్చి, "పాత సరుకు కింద అమ్ముకో" అన్నాడు.

ఇంకా నాలుగు విడతలుండగా ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. పెట్టిన ఖర్చుకి తగ్గ ప్రయోజనం కనబడలేదు కాబట్టి కళ్ళజోడు వైద్యం ఈ నెలాఖరుతో ఆపేస్తున్నారు. శుక్రవారం కమిటీలో ఖాయం చేస్తారు. మిగిలిన విడతలు రద్దు.

షావుకారు ఆ ఉత్తరం మూడుసార్లు చదివాడు. మూడోసారికి చెవులు ఎర్రబడ్డాయి. షట్టరు దించాడు. ఎదురు కొట్టువాడు గడియారం చూసుకున్నాడు.

"చూసుకో నాయనా, బాగా చూసుకో! నీకూ రోజులొస్తాయి!" అని వీధంతా వినబడేలా అరిచి బయల్దేరాడు.

ఆస్పత్రి లెక్కల అధికారి గది రెండో అంతస్తులో, సామాను గది పక్కన. కిటికీ దగ్గర ఒక కుర్చీ కాలు విరిగితే దాని కింద పాత పుస్తకం పెట్టుకున్నారు. అధికారి సన్నటి మనిషి, మాట మెత్తన. అలాంటి మనుషులతో బేరం కష్టమని షావుకారుకి అనుభవం.

"ఏం సార్, కళ్ళజోళ్ళ ఖరీదంతా వైద్యం చేయించుకుంటున్న ఈ ఇరవై ఆరుగురి నెత్తినే రుద్దారా? కొట్టు కట్టిన ఖర్చంతా మొదటి తాళం మీద వేస్తే తాళం ఎవడు కొంటాడు?"

"ఐదేళ్ళకి పంచాం షావుకారు గారూ. రెండో పేజీ చూడండి."

షావుకారు చూశాడు. నిజమే, పంచారు. గది అద్దె, డాక్టరమ్మ జీతం, మరమ్మతు ఖర్చు, అన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఎక్కువ వేయలేదు. కాకిలెక్కలయితే రెండు నిమిషాల్లో చింపి చేతిలో పెట్టేవాడు. ఇది మంచి లెక్క. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

"మరి లాభం పద్దు ఏదీ?"

"ఆస్పత్రిలో చేరే రోజులు కొంచెం తగ్గాయి. కానీ వీళ్ళలో చాలామంది అసలు చేరేవాళ్ళు కాదు, ఇళ్ళల్లోనే ఉంటారు. కాబట్టి మాకు మిగిలింది తక్కువ. ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు ఇద్దరు. ఇక కుటుంబం వెచ్చించే సమయం..." అధికారి వేలు ఒక గడి మీద ఆగింది. "వైద్యానికి ముందు వారానికి సగటున సున్నా పాయింటు నాలుగు గంటలు. తర్వాత సున్నా పాయింటు ఆరు. అంటే తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది."

షావుకారు బల్ల మీద గుద్దాడు. టీ గ్లాసు ఎగిరిపడింది.

"అరగంటా? వారానికి అరగంటా? ఎవడండీ చెప్పింది! మా ఇంటికొచ్చి చూశారా మీరు? నేను ఆరేళ్ళుగా రోజుకు రెండుసార్లు కొట్టు మూసి పరిగెత్తాను. మా ఆవిడ బడిలో గుమాస్తా ఉద్యోగం మానేసి గదిముందు కూర్చుంది. నా కొట్టు బేరాలు తిని ఎదురు కొట్టోడు మేడ కట్టాడు. ఏ గుడ్డివెధవ రాశాడు ఆ అంకె?"

అధికారి లేచాడు. బీరువా తీసి ఒక కాగితాల కట్ట తెచ్చి, వెతికి, ఒకటి బల్ల మీద పెట్టాడు.

'గత వారంలో రోగి సంరక్షణకు మీరు వెచ్చించిన గంటలు' అని అచ్చు. ఎదుటి గడిలో గుండ్రంగా, కుదురుగా ఒక సున్నా. కింద 'జబ్బు వల్ల అయిన అదనపు ఖర్చు' దగ్గర ఇంకో సున్నా. దాని కింద సంతకం. తాళాల షావుకారు సంతకం అచ్చం తాళంకప్పలాగే ఉంటుంది, ఇంకెవరూ అలా పెట్టరు.

"మీరొక్కరే కాదు. ఇరవై ఆరింట్లో ఇరవై మూడు కాగితాలు సున్నాలూ గీతలే" అన్నాడు అధికారి. "నేను చేరవేసేవాణ్ణే గానీ రాసేవాణ్ణి కాదు షావుకారు గారూ. మీరు సున్నా రాసిచ్చాక, అందులోంచి ఎంత తగ్గించి చూపించను?"

షావుకారుకి ఆ రోజు గుర్తొచ్చింది. మొదటి విడత, ఆస్పత్రి వరండా. కాగితం తొడ మీద పెట్టుకుని కలం తీశాడు. పక్కనే దుప్పట్లోంచి చిన్నోడి కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి. "నేను నీకెన్ని గంటలన్నయ్యా?" అన్నాడు మెల్లగా. షావుకారు గడిలో సున్నా చుట్టి తమ్ముడికి చూపించాడు. "ఇదిగో, ఇన్ని" అన్నాడు. చిన్నోడు దుప్పటి కాస్త కిందకి దించాడు. ఒక్క మేకు తక్కువైతే ఇంటిదాకా వెంటపడి వసూలు చేసే మనిషి, బతుకులో మొదటిసారి తప్పుడు లెక్క రాశాడు. రాసినందుకు ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. వరండాలో అందరూ అలాగే, పక్కన కొడుకునో కూతురునో పెట్టుకుని, కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు.

"ఆ కాగితాన్ని రోగి పక్కన కూర్చోబెట్టి నింపమన్నదెవరు సార్?" అన్నాడు. గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు.

"అలా అని ఎక్కడా రాయలేదు. వేరే గది లేదు, అంతే."

"గది లేదు! లక్షలు పోసి కళ్ళజోళ్ళలో వీధులు కట్టారు, బస్సులు నడిపారు, ఒక మనిషి కూర్చుని నిజం రాసుకోడానికి నాలుగు గోడలు లేవు!"

అధికారి కాగితం తిరిగి కట్టలో పెడుతూ, "శుక్రవారం లోపల ఏదైనా రుజువు తెండి" అన్నాడు. "నోటిమాట కాదు. తారీకులతో, సమయాలతో. ఇప్పుడు కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిస్తే కమిటీ ఒప్పుకోదు."

ఇంటికొచ్చి చెబితే భార్య అట్లకాడ గిన్నెలోకి విసిరింది.

"సున్నానా? నాదెంత రాశారు?"

"నీదంటూ గడి లేదు. ఇంటికొక్కరే రాయాలన్నారు."

"అంటే మీ సున్నాలో నా సున్నా కూడా కలిపేశారు! నా ఉద్యోగం, నా ఆరేళ్ళు, గదిముందు ఆ పీట మీద కూర్చుని అరిగిన నా నడుం, అన్నీ కలిపి గుండుసున్నా. కొట్లో గొళ్ళేనికి కూడా వెల కట్టే మనిషికి పెళ్ళాం ఒక్కతే ఉచితంగా కనబడిందా?"

"వాడి ముందు ఎలా రాయనే?"

"వాడి ముందు రాయలేకపోయారు, సరే. నన్ను అడగడానికేం? నేనూ ఆస్పత్రిలోనే ఉన్నాగా!"

గది తలుపు తెరుచుకుంది. చిన్నోడు గుమ్మంలో నిలబడ్డాడు. అంతా విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నేను భారమా అన్నయ్యా?"

ఆరేళ్ళుగా షావుకారు ఈ ప్రశ్న రాకుండా చూసుకున్నాడు. అందుకే సున్నా రాశాడు, అందుకే తొమ్మిది తాళాలూ విసుక్కోకుండా లాగాడు. ఇప్పుడు లేదంటే మళ్ళీ అదే అబద్ధం. అవునంటే వీడు లోపలికెళ్ళి పీకిన ఆరు తాళాలూ మళ్ళీ బిగించుకుంటాడేమో. కానీ ఆయన ఒంట్లో పొద్దుటి కోపం ఇంకా బుసకొడుతోంది, ఆ కోపమే మాట్లాడింది.

"భారమేరా! మోస్తున్నాను. మొయ్యనని ఎవడన్నాడు? మూట మోసేవాడు మూట బరువుందని చెబితే మూట మీద కోపమున్నట్టా? బరువే లేదని రాసిచ్చాను, దాన్ని పట్టుకుని నీ కళ్ళజోడు లాక్కుంటున్నారు. నాది తప్పు. ఆరేళ్ళ లెక్క ఏ రోజు ఎంతో ఇప్పుడెక్కణ్ణుంచి తేను?"

చిన్నోడు లోపలికి వెళ్ళిపోయాడు. గొళ్ళెం శబ్దం అయింది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షావుకారు అక్కడే ఆవిడ పీట మీద కూలబడ్డాడు.

కాసేపటికి మళ్ళీ గొళ్ళెం చప్పుడు. చిన్నోడు రెండు చేతులా పుస్తకాలు మోసుకొచ్చి అన్న ఒళ్ళో పడేశాడు. గీతల నోటుపుస్తకాలు, ఏడు. మ్యాపులు గీసే చెయ్యి కదా, అక్షరాలు చీమల బారులా కుదురుగా ఉన్నాయి.

'11.09. అన్న వచ్చాడు. తాళాలు తొమ్మిదీ లాగాడు. 11.31 వెళ్ళాడు. ఎందుకు వచ్చాడు?'

'4.06. అన్న వచ్చాడు. చెమట. 4.27 వెళ్ళాడు. ఎవరు పంపుతున్నారు?'

'వదిన పొద్దున్న 6 నుంచి రాత్రి 10 దాకా గుమ్మం ముందే. కాపలా?'

పేజీ తర్వాత పేజీ, ఆరేళ్ళు, తారీకుల వారీగా.

షావుకారు తలెత్తాడు. "నన్ను కూడా అనుమానించావట్రా?"

"రోజుకు రెండుసార్లు, పిలవగానే వచ్చే మనిషిని ఎవరు నమ్ముతారన్నయ్యా?"

ముందు వదిన నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. షావుకారు నవ్వలేదు. ఆయన అప్పటికే లెక్కలో పడ్డాడు. ఇంట్లో ఇరవై రెండు నిమిషాలు, నడక పద్దెనిమిది, మొత్తం నలభై. రోజుకు రెండుసార్లు, కొట్టుకి సెలవైన ఆదివారం తీసేస్తే వారానికి పన్నెండు. ఎనిమిది గంటలు. అంటే వారానికి ఒక పూర్తి రోజు వ్యాపారం. ఆరేళ్ళకి, ఏడాది పాటు కొట్టు మూసినట్టే. ఇరవై ఏళ్ళ దుకాణంలో ఇంత శుద్ధమైన చిట్టా తను ఏనాడూ రాయలేదు.

శుక్రవారం చిన్నోడు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ముందు బస్సెక్కాడు. అన్నని పక్కన కూర్చోనివ్వలేదు. "నువ్వు తర్వాత బస్సులో రా, నువ్వుంటే నేను వెళ్ళినట్టు కాదు" అన్నాడు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, పెద్ద డాక్టరు, ఇంకో నలుగురు. మూలన డాక్టరమ్మ. లెక్కల అధికారి పుస్తకాలు ఒక్కొక్కటే తిప్పాడు. తొందరపడలేదు. ఒకచోట వెనక్కి వెళ్ళి కూడి చూసుకున్నాడు. చివరి పుస్తకం సగానికి వచ్చాక ఆగాడు.

"ఇక్కణ్ణుంచి మధ్యమధ్యలో ఖాళీలున్నాయి. ఈ సోమవారం మొత్తం ఖాళీ. రాయడం మర్చిపోయారా?"

"లేదండీ. అప్పుడు నేను బస్సులో ఉన్నాను" అన్నాడు చిన్నోడు.

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పెద్ద డాక్టరు గొంతు సవరించుకుని, ఇది ఒక్క ఇంటి లెక్క అన్నాడు. మధ్యలో ఉన్నవాళ్ళ విడతలు పూర్తి చేయిస్తామన్నాడు. కొత్తవాళ్ళని మాత్రం, మిగతా కుటుంబాల కాగితాలు మళ్ళీ నింపించి చూశాక, రెండు నెలల తర్వాత ఆలోచిస్తామన్నాడు.

"వరసలో ఎంతమందున్నారు?" అడిగాడు షావుకారు.

"నలభై ఒక్కమంది" అంది డాక్టరమ్మ.

"నలభై ఒక్క ఇళ్ళు. ఈ రెండు నెలలు ఆ ఇళ్ళల్లో ఎవరి కొట్లు మూతపడతాయో, ఎవరి ఉద్యోగాలు పోతాయో, అది ఎవరి ఖాతాలో రాస్తారండీ? మీ ఖాతాలో పడదుగా, అందుకే మీకు చవక! మా వంటింట్లో పడే ఖర్చు మీ కాగితం మీద లేకపోతే అది ఖర్చు కాదా? నేను పక్కవాడి తూకంరాయి దాచేసి లాభమొచ్చిందంటే నన్ను దొంగంటారు. మిమ్మల్నేమంటారు?"

నీళ్ళ సీసా మూత ఒకాయన తిప్పుతూ కూర్చున్నాడు.

అధికారి పుస్తకాలు దగ్గరికి లాక్కున్నాడు. "ఇవి మా దగ్గర ఉంచుకుంటాం."

"రసీదు ఇవ్వండి" అన్నాడు చిన్నోడు. "ఏడు పుస్తకాలు, ఎవరు తీసుకున్నారు, ఎన్నింటికి."

అధికారి రాసిచ్చాడు. చిన్నోడు చదివి, "సమయం తప్పు. పన్నెండు పద్నాలుగు" అన్నాడు. అధికారి దిద్ది మళ్ళీ సంతకం పెట్టాడు.

షావుకారు బల్ల మీదున్న ఖాళీ కాగితాల కట్ట తీసి చంకన పెట్టుకున్నాడు. "వీటిని మీరు పంపితే మళ్ళీ సున్నాలే వస్తాయి. వరండాలో వారం వారం కలిసినవాళ్ళే అందరూ. నేను తిరిగి రాయిస్తాను. పక్కన జబ్బుమనిషి ఉన్నా సరే, లేకపోయినా సరే."

"ఉండాలి" అన్నాడు చిన్నోడు. "మేం లేకుండా మా లెక్క రాయొద్దు. మాకు తెలుసు."

ఆ మధ్యాహ్నమే మొదటి ఇంటి తలుపు తట్టారు. బట్టల మిల్లులో పనిచేసే ఆవిడ, ఆస్పత్రి వరండాలో కూతురిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చునేది. కాగితం చూడగానే మొహం ముడుచుకుంది.

"కన్నకూతురికి చేసుకోడానికి గంటలేంటండీ, చోద్యం కాకపోతే! లేవనే రాస్తాను."

వెనక గదిలోంచి కూతురు తొంగిచూస్తోంది.

షావుకారు చెప్పులు విప్పి, పిలవకుండానే లోపలికొచ్చి నేలమీద కూర్చున్నాడు. కలం మూత తీసి తమ్ముడికిచ్చాడు. పొద్దుటి కోపం ఇంకా చల్లారలేదు, మాట కరుకుగానే వచ్చింది.

"నేనూ అలాగే రాసి చెడ్డానమ్మా. సున్నా సంగతి తర్వాత. పొద్దున్న ఎన్నింటికి లేస్తారు? అక్కణ్ణుంచి చెప్పండి. తొందరేం లేదు, కొట్టు మూసే వచ్చాను."